20 హెచ్‌పీ మిల్లు మోటారుకి స్టార్-డెల్టా తీసేసి సాఫ్ట్ స్టార్టర్ పెట్టాలా?

ప్రశ్న టూకీగా ఇది. రైస్ మిల్లులో 20 హెచ్‌పీ, 1,460 ఆర్‌పీఎం మోటారు బెల్టుతో లైన్ షాఫ్ట్‌ని తిప్పుతోంది. ఉన్నది స్టార్-డెల్టా స్టార్టర్, అంటే ముందు స్టార్ కనెక్షన్‌లో తక్కువ వోల్టేజితో లేపి, తర్వాత డెల్టాకి మార్చి పూర్తి వోల్టేజి ఇచ్చేది. స్టార్‌లో బరువుగా లేస్తుంది. డెల్టాకి మారగానే పెద్ద దెబ్బ తగిలి బెల్టు జారి కీచుమంటుంది, చుట్టుపక్కల ఇళ్లలో లైట్లు ఒక్కసారిగా మసకబారుతాయి. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మిల్లుకి 400 మీటర్ల దూరంలో ఉంది. సాఫ్ట్ స్టార్టర్ (వోల్టేజిని మెల్లగా పెంచుతూ లేపేది) పెడితే ఈ రెండూ పోతాయా, లేక వీఎఫ్‌డీకే (ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు స్పీడుని మార్చే డ్రైవు) వెళ్లాలా?

బెల్టుకి తగిలే దెబ్బ సాఫ్ట్ స్టార్టర్‌తో కచ్చితంగా తగ్గుతుంది. లైట్లు మసకబారడం తగ్గుతుందా అన్నది మాత్రం మోటారుని ఎంత లోడు మీద లేపుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. లోడు మీదే లేపుతూ పోతే సాఫ్ట్ స్టార్టర్ లైను నుంచి స్టార్ దశలో లాగే దానికన్నా ఎక్కువ కరెంటే లాగుతుంది. అమ్మేవాళ్లు ఈ మాట సాధారణంగా చెప్పరు. అందుకే ముందు లెక్క చూద్దాం, తర్వాత వైరింగుకి వెళదాం.

415 వోల్టుల మీద 15 కిలోవాట్ల మోటారు ఫుల్ లోడ్ కరెంటు సుమారు 28 యాంపియర్లు. 1,460 ఆర్‌పీఎం దగ్గర దాని రేటెడ్ టార్క్ (తిప్పే బలం) 9,550 × 15 ÷ 1,460, అంటే 98 న్యూటన్ మీటర్లు. నేరుగా లైను మీద వేస్తే ఇలాంటి మోటారు 6 నుంచి 7 రెట్లు కరెంటు లాగుతుంది. 6.5 రెట్లు అనుకుంటే 182 యాంపియర్లు. అప్పుడు వచ్చే స్టార్టింగ్ టార్క్ రేటెడ్‌కి రెట్టింపు, సుమారు 196 న్యూటన్ మీటర్లు అనుకుందాం. మీ మోటారు క్యాటలాగు దొరికితే ఈ రెండు అంకెలూ అందులోవే వాడండి. రీవైండింగ్ చేయించిన మోటారైతే అవి కొంత మారి ఉండొచ్చు.

ఇండక్షన్ మోటారు విషయంలో మరిచిపోకూడని సూత్రం ఒకటే. ఆగి ఉన్న మోటారుకి వోల్టేజి సగం చేస్తే కరెంటు సగమవుతుంది, టార్క్ మాత్రం నాలుగో వంతుకి పడిపోతుంది. వోల్టేజి తగ్గించి లేపే పద్ధతులన్నిటికీ ఇదే వర్తిస్తుంది. తేడా అంతా ఆ తగ్గించిన వోల్టేజిని ఎలా తెస్తారు, దానికి లైను మీద ఎంత కరెంటు పడుతుంది అన్న దగ్గరే ఉంది.

స్టార్‌లో ఒక్కో వైండింగ్‌కి 58 శాతం వోల్టేజి అందుతుంది. వైండింగ్‌లో కరెంటు కూడా 58 శాతానికి దిగుతుంది. కనెక్షన్ డెల్టా నుంచి స్టార్‌కి మారినందువల్ల లైను కరెంటు మళ్లీ అందులో 58 శాతానికి తగ్గి, మొత్తం మీద మూడో వంతు అవుతుంది. అంటే 182 కాస్తా 61 యాంపియర్లు. టార్క్ కూడా మూడో వంతే, 65 న్యూటన్ మీటర్లు. ఇక్కడ కరెంటూ టార్కూ సమానంగా తగ్గాయి.

సాఫ్ట్ స్టార్టర్‌లో అలా జరగదు. అందులో ప్రతి ఫేజుకీ ఎదురెదురుగా పెట్టిన రెండు థైరిస్టర్లు (ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) ఉంటాయి. అవి ప్రతి సైకిల్లో కొంత భాగాన్ని కోసేసి మోటారుకి తక్కువ వోల్టేజి అందిస్తాయి. మోటారులోకి వెళ్లే కరెంటే లైనులోంచి వస్తుంది, మధ్యలో దాన్ని తగ్గించేదేమీ లేదు. కాబట్టి స్టార్ ఇచ్చే 65 న్యూటన్ మీటర్లే సాఫ్ట్ స్టార్టర్‌తో కావాలంటే మోటారుకి 58 శాతం వోల్టేజి ఇవ్వాలి, అప్పుడు లైను కరెంటు 182లో 58 శాతం, అంటే 105 యాంపియర్లు. కరెంటుని 3 రెట్లకి, అంటే 84 యాంపియర్లకి బిగిస్తే వోల్టేజి 46 శాతం, టార్క్ 42 న్యూటన్ మీటర్లే. నిజానికి ఇంకాస్త తక్కువే వస్తుంది, ఎందుకంటే తక్కువ వోల్టేజి దగ్గర ఐరన్ సాచురేషన్ తగ్గి కరెంటు ఈ లెక్క కన్నా ఎక్కువగా పడిపోతుంది.

ఆటో ట్రాన్స్‌ఫార్మర్ స్టార్టర్‌ని (ట్రాన్స్‌ఫార్మర్ కాయిల్ ట్యాపుల నుంచి తక్కువ వోల్టేజి ఇచ్చి లేపే రకం) ఇప్పుడు చాలామంది పాత సామానుగా చూస్తున్నారు. బలహీనమైన లైను మీద బరువు లేపాలంటే మాత్రం దాని లెక్కే మెరుగు. 65 శాతం ట్యాప్ మీద మోటారుకి 65 శాతం వోల్టేజి, లైను మీద 42 శాతం కరెంటే. అంటే 77 యాంపియర్లతో 82 న్యూటన్ మీటర్లు వస్తాయి. అంత టార్క్ సాఫ్ట్ స్టార్టర్ నుంచి రావాలంటే 118 యాంపియర్లు కావాలి. పైగా సరైన కనెక్షన్‌లో, అంటే మధ్యలో సప్లై తెగకుండా మారే రకంలో, స్టార్-డెల్టాలో వచ్చే దెబ్బ ఉండదు. దాని ఇబ్బందులు దానికున్నాయి: సైజు పెద్దది, గంటకి ఎక్కువసార్లు స్టార్ట్ చేస్తే కాయిల్ వేడెక్కుతుంది, చిన్న రేటింగుల్లో ఇప్పుడు తయారు చేసేవాళ్లు తగ్గిపోయారు.

ఇప్పుడు ఈ కరెంట్లు మీ లైను మీద ఏం చేస్తాయో చూడండి. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ రేటెడ్ కరెంటు 433 వోల్టుల దగ్గర 133 యాంపియర్లు. ఇంపీడెన్స్ 4.5 శాతం అనుకుంటే 182 యాంపియర్లు లాగినప్పుడు దాని దగ్గరే 6 శాతం వోల్టేజి పడుతుంది. మీ ఎల్‌టీ లైను (ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మిల్లుకి వచ్చే తక్కువ వోల్టేజి లైను) 50 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం అయితే, స్టార్టింగ్ సమయంలో ఉండే తక్కువ పవర్ ఫ్యాక్టర్ దగ్గర ఒక్కో యాంపియర్‌కి కిలోమీటరుకి 0.47 వోల్టుల దాకా పోతుంది. 400 మీటర్లకి 182 యాంపియర్లంటే ఫేజుకి 34 వోల్టులు, అంటే 14 శాతం. రెండూ కలిపి 20 శాతం. మిగతా పద్ధతులకి ఇదే లెక్క వేస్తే స్టార్ దశలో 7 శాతం, 3 రెట్ల లిమిట్‌తో సాఫ్ట్ స్టార్టర్‌కి 9 నుంచి 10, ఆటో ట్రాన్స్‌ఫార్మర్ 65 శాతం ట్యాప్‌కి 9, స్టార్‌తో సమానమైన టార్క్ ఇచ్చే సాఫ్ట్ స్టార్టర్‌కి 12 శాతం. మీ లైను కండక్టరు ఇంకా సన్నదైతే అన్నీ ఇంకా పెరుగుతాయి.

మరి స్టార్ దశలో 7 శాతమే పడుతుంటే మీ ఊళ్లో లైట్లెందుకు మసకబారుతున్నాయి? అసలు సమస్య అక్కడే ఉంది. మీ మోటారు స్టార్‌లో పూర్తి స్పీడుకి చేరడం లేదు. లోడు అడిగే టార్కూ మోటారు స్టార్‌లో ఇవ్వగల టార్కూ ఎక్కడో 70 శాతం స్పీడు దగ్గర సమానమైపోయి మోటారు అక్కడే వేలాడుతోంది. టైమర్ అయిపోగానే డెల్టా పడుతుంది. 70 శాతం స్పీడు దగ్గర డెల్టాలో మోటారు లాగే కరెంటు ఆగి ఉన్నప్పటి దానికన్నా పెద్దగా తక్కువ కాదు. సుమారు 5 రెట్లు, 140 యాంపియర్లు. అంటే 16 శాతం వోల్టేజి డ్రాప్. స్టార్‌లో పది సెకన్లు మిగిల్చినదంతా ఆ ఒక్క క్షణంలో పోతోంది.

దీన్ని ఊహతో తేల్చొద్దు, కొలవండి. మీటరు వైపు ఒక ఫేజు మీద టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు) వేసి స్టార్ట్ చేయించండి. స్టార్‌లో 60 యాంపియర్ల దగ్గర మొదలైన ముల్లు కొన్ని సెకన్ల తర్వాత ఒక్కసారిగా 15 కన్నా కిందికి జారిపోతే మోటారు స్పీడు అందుకున్నట్టు. అలా జారకుండా 40, 50 దగ్గర నిలబడి, డెల్టా పడగానే ఎగిరితే అందుకోనట్టు. డిజిటల్ టెస్టరైతే గరిష్ఠ విలువను పట్టి ఉంచే బటన్ ఉన్నది వాడండి, లేకపోతే మార్పు క్షణం కంటికి దొరకదు. ఫొటో టాకోమీటరుతో డెల్టా పడే ముందు స్పీడు చూడగలిగితే ఇంకా మంచిది: 1,350 ఆర్‌పీఎం దాటి ఉండాలి.

ఒక పైసా ఖర్చు పెట్టకముందే సరిచేయాల్సినవి నాలుగున్నాయి.

మొదటిది లోడు. హాపరు గేటు మూసి, షెల్లరు రబ్బరు రోలర్లని దూరం జరిపి, పాలిషర్లో బియ్యం ఖాళీ అయ్యాకే ఆపే అలవాటు చేసుకుంటే మళ్లీ లేపేటప్పుడు సగం సమస్య ఉండదు. కరెంటు పోయి మధ్యలో ఆగిపోయినప్పుడే కష్టం: ఎలివేటరు బకెట్లలో వడ్లు, పాలిషర్ నిండా బియ్యం ఉంటాయి. లైన్ షాఫ్ట్ మీద లూజ్ పుల్లీ ఉన్న యంత్రాల బెల్టులు అటు జరిపి, మోటారు స్పీడందుకున్నాక ఒక్కొక్కటే లోడు పుల్లీ మీదకి తెండి. ఎలివేటరు బూటు దగ్గర శుభ్రం చేసే తలుపు తీసి గింజ దించండి. దీనికి అయిదు నిమిషాలు పడుతుంది, మోటారు కాలితే అయిదు రోజులు పడుతుంది.

రెండోది టైమరు. కరెంటు జారిపోయిన తర్వాత ఒకటి రెండు సెకన్లకి డెల్టా పడేలా పెట్టండి. ఎంత పెంచినా జారకపోతే మళ్లీ మొదటిదానికే వెళ్లాలి, టైమరుని 30 సెకన్లకి పెంచితే స్టార్‌లో వేలాడుతున్న వైండింగే మాడుతుంది.

మూడోది స్టార్ కాంటాక్టర్ (కాయిల్‌తో పనిచేసే పెద్ద స్విచ్) తెరుచుకోవడానికీ డెల్టా మూసుకోవడానికీ మధ్య ఉండే ఖాళీ సమయం. మంచి స్టార్-డెల్టా టైమర్లో ఇది 50 మిల్లీసెకన్ల చుట్టూ ఉంటుంది. సాదా టైమరు పెట్టి ఆ ఖాళీ లేకుండా చేస్తే స్టార్ కాంటాక్టర్లో ఆర్క్ ఆరకముందే డెల్టా పడి మూడు ఫేజులూ షార్ట్ అవుతాయి. మారే క్షణంలో ఫ్యూజులు ఎగిరితే మొదట చూడాల్సింది ఇదే. రెండు కాంటాక్టర్ల మధ్య మెకానికల్ ఇంటర్‌లాక్ కూడా తప్పనిసరిగా ఉండాలి.

నాలుగోది చాలామంది ఎలక్ట్రీషియన్లు గమనించనిది. డెల్టాని రెండు రకాలుగా కలపొచ్చు, రెండిట్లోనూ మోటారు ఒకే వైపు తిరుగుతుంది, కానీ మారేటప్పుడు తగిలే దెబ్బ ఒకేలా ఉండదు. సప్లై తెగిన ఆ 50 మిల్లీసెకన్లలో రోటరులో మిగిలిన అయస్కాంతం వైండింగ్‌లో వోల్టేజి పుట్టిస్తూనే ఉంటుంది. రోటరు లైను ఫ్రీక్వెన్సీ కన్నా నిదానంగా తిరుగుతుంది కాబట్టి ఆ వోల్టేజి లైను వోల్టేజి కన్నా వెనకబడుతుంది. డెల్టా వోల్టేజి స్టార్ వోల్టేజి కన్నా 30 డిగ్రీలు వెనకుండేలా కలిపితే రెండూ దగ్గరగా కలుస్తాయి. 30 డిగ్రీలు ముందుండేలా కలిపితే తేడా పెరిగి కరెంటు ఉప్పెన ఒక్కోసారి నేరుగా లైను మీద వేసినదాన్ని కూడా దాటుతుంది. ఫేజు క్రమం ఎల్1, ఎల్2, ఎల్3 సరిగ్గా ఉందని ఫేజ్ సీక్వెన్స్ మీటరుతో చూసుకుని, మెయిన్ కాంటాక్టర్ నుంచి ఎల్1ని యూ1కి, ఎల్2ని వీ1కి, ఎల్3ని డబ్ల్యూ1కి ఇవ్వండి. డెల్టా కాంటాక్టర్ నుంచి ఎల్1ని వీ2కి, ఎల్2ని డబ్ల్యూ2కి, ఎల్3ని యూ2కి ఇవ్వండి. మోటారు ఎదురు దిశలో తిరిగితే ఇన్‌కమింగ్ సప్లై దగ్గర ఫేజులు మార్చొద్దు, అలా చేస్తే 30 డిగ్రీలు ముందుండే రకమైపోతుంది; మోటారు దగ్గరే వీ1 వైరుని డబ్ల్యూ1తో, వీ2 వైరుని డబ్ల్యూ2తో తారుమారు చేయండి. ఈ ఒక్క మార్పుతో బెల్టు కీచుమనడం ఆగిపోయే మిల్లులున్నాయి.

పవర్ ఫ్యాక్టర్ కోసం పెట్టిన కెపాసిటర్ ఎక్కడ కలిపారో కూడా చూడండి. నేరుగా మోటారు యూ1, వీ1, డబ్ల్యూ1 టెర్మినల్స్‌కి కలిపి ఉంటే సప్లై తెగిన ఆ ఖాళీలో మోటారు జనరేటరులా ప్రవర్తించి వోల్టేజి నిలబెట్టుకుంటుంది, దెబ్బ ఇంకా పెరుగుతుంది. దాన్ని వేరే కాంటాక్టర్ మీద పెట్టి, డెల్టా పడిన తర్వాత కలిసేలా చేయాలి.

ఇవన్నీ చేశాక కూడా దెబ్బ మిగిలితే, లేదా రోజుకి చాలాసార్లు ఆపి లేపాల్సి వస్తే, అప్పుడు సాఫ్ట్ స్టార్టర్ కొనడంలో అర్థముంది.

కొనేటప్పుడు 20 హెచ్‌పీ అని అడగొద్దు. నేమ్‌ప్లేట్ కరెంటు, ఎన్ని సెకన్ల స్టార్టు, ఎన్ని రెట్ల కరెంటు, గంటకి ఎన్ని స్టార్టులు, ఈ నాలుగూ చెప్పి అడగండి. క్యాటలాగులో 15 కిలోవాట్ల రేటింగు సాధారణంగా పంపు లాంటి తేలిక లోడుకి రాసినది. లైన్ షాఫ్ట్, బ్లోయరు, పల్వరైజరు లాంటివాటికి ఒక సైజు పెద్దది తీసుకోవాలి, మీకైతే 37 యాంపియర్ల చుట్టూ ఉండే సైజు. మూడు ఫేజులూ కంట్రోల్ చేసేదే తీసుకోండి. రెండు ఫేజులే కంట్రోల్ చేసే చవక రకాల్లో మూడో ఫేజు నేరుగా మోటారుకి వెళ్తుంది, స్టార్టులో మూడు కరెంట్లు సమానంగా ఉండక మోటారు గుర్రుమంటుంది. ఆపి ఉన్నప్పుడు కూడా మోటారు టెర్మినల్స్ మీద వోల్టేజి ఉంటుంది కాబట్టి ప్రాణానికే ప్రమాదం. మూడు ఫేజుల రకంలోనూ ఆఫ్‌లో ఉన్న థైరిస్టర్ల గుండా కొంత లీకేజి ఉంటుంది. ఏ రకమైనా ముందు ఒక లైన్ కాంటాక్టరు పెట్టి, మోటారు మీద చెయ్యి వేసే ముందు మెయిన్ స్విచ్ తీసి టెస్టరుతో చూడాలి.

లోపల బైపాస్ కాంటాక్టర్ ఉన్నదే మీ మిల్లుకి పనికొస్తుంది. బైపాస్ లేకుండా నడిస్తే థైరిస్టర్లు ఒక్కో యాంపియర్‌కి సుమారు 3 వాట్లు వేడి పుట్టిస్తాయి, 28 యాంపియర్లకి 84 వాట్లు. తవుడు దుమ్ము రాకుండా మూసిన పెట్టెలో ఆ వేడి బయటికి పోదు. ఫ్యాను పెడితే దుమ్ముని లోపలికి లాగుతుంది. బైపాస్ ఉంటే మూసిన ఐపీ54 పెట్టెలో నిశ్చింతగా నడుస్తుంది. కేబుల్ ఎంట్రీల దగ్గర గ్లాండ్లు బిగించండి. చీమలు, బల్లులు పెట్టెలో చేరి కాంటాక్టర్ల మధ్య పడి చేసే షార్టులు మన దగ్గర తక్కువేమీ కాదు.

కనెక్షన్ మార్చేటప్పుడు అందరూ చేసే పొరపాటు మోటారు టెర్మినల్ బాక్సులో జరుగుతుంది. స్టార్-డెల్టా స్టార్టరు ఉన్నప్పుడు ఆరు వైర్లు బయటికి వస్తాయి. సాఫ్ట్ స్టార్టరుకి మూడే కావాలి. మిగిలిన మూడు టెర్మినల్స్‌ని కలిపేసి వదిలేస్తే మోటారు స్టార్‌లో ఉండిపోతుంది. ఖాళీగా బాగానే తిరుగుతుంది, లోడు పడగానే టార్క్ చాలక కరెంటు పెరిగి కాలిపోతుంది. మీ నేమ్‌ప్లేట్ మీద 415 వోల్ట్స్ డెల్టా అని ఉంటుంది కాబట్టి యూ1ని డబ్ల్యూ2తో, వీ1ని యూ2తో, డబ్ల్యూ1ని వీ2తో మూడు పత్తీలతో నిలువుగా కలిపి, యూ1, వీ1, డబ్ల్యూ1లకి సాఫ్ట్ స్టార్టర్ అవుట్‌పుట్ ఇవ్వాలి. ఇంకొక మార్పు మరవకండి: పాత స్టార్టర్లో ఓవర్‌లోడ్ రిలే మెయిన్ కాంటాక్టర్ కింద ఉండేది, లైను కరెంటులో 58 శాతమే దాని గుండా వెళ్లేది, అందుకే 16 యాంపియర్ల దగ్గర సెట్ చేసి ఉంటారు. ఇప్పుడు పూర్తి లైను కరెంటు వెళ్తుంది. సాఫ్ట్ స్టార్టర్లోని మోటారు కరెంటు సెట్టింగు 28 పెట్టాలి, 16 కాదు.

ఆరు వైర్లనీ ఉంచి డెల్టా లోపల సాఫ్ట్ స్టార్టర్ పెట్టే పద్ధతి కూడా ఉంది. 58 శాతం రేటింగు చాలు కాబట్టి 100 హెచ్‌పీ మోటార్ల దగ్గర డబ్బు మిగులుతుంది. 20 హెచ్‌పీకి అనవసరం. ఒక్క వైరు తారుమారైతే థైరిస్టర్లు పోతాయి.

సెట్టింగులు ఇలా మొదలుపెట్టండి: మొదటి వోల్టేజి 40 శాతం, ర్యాంప్ 10 సెకన్లు, కరెంట్ లిమిట్ 3.5 రెట్లు, ఓవర్‌లోడ్ క్లాస్ 20, సాఫ్ట్ స్టాప్ సున్నా, కిక్ స్టార్ట్ ఆఫ్. బటన్ నొక్కిన ఒక సెకనులోపు షాఫ్ట్ కదలాలి. మూలుగుతూ నిలబడితే మొదటి వోల్టేజిని 5 శాతం చొప్పున పెంచండి. ఎగిరినట్టు లేస్తే తగ్గించండి. ర్యాంప్ సమయం అంటే వోల్టేజి పెరిగే సమయం, మోటారు స్పీడందుకునే సమయం కాదు. ఖాళీ మోటారు 10 సెకన్ల ర్యాంప్‌లో నాలుగో సెకనుకే స్పీడందుకోవచ్చు, బరువున్నది 15 సెకన్లు తీసుకోవచ్చు.

కరెంట్ లిమిట్ బాగా తగ్గిస్తే లైనుకి మేలు అనుకుని 2 రెట్లకి పెట్టేవాళ్లుంటారు. 2 రెట్ల దగ్గర మీ మోటారు ఇచ్చేది 19 న్యూటన్ మీటర్లు. లైన్ షాఫ్ట్ కదలనే కదలదు, లేదా సగం స్పీడులో ఇరుక్కుంటుంది. అక్కడ మోటారు ఫ్యాను గాలి తక్కువ, రోటరులో వేడి ఎక్కువ. ఇంకో సంగతి: లోడు లేకుండా ఆగి ఉన్నదాన్ని స్పీడుకి తెచ్చేటప్పుడు రోటరులో పుట్టే వేడి, తిరిగే బరువులన్నీ కూడబెట్టుకున్న గతిశక్తికి సమానం. వోల్టేజి తగ్గించినా ఆ వేడి తగ్గదు. లోడు కూడా ఉంటే, స్టార్టు సాగేకొద్దీ వేడి పెరుగుతుంది. నెమ్మదిగా లేపితే మోటారు చల్లగా ఉంటుందన్న నమ్మకం తప్పు. చల్లగా ఉన్న మోటారుని వెంటవెంటనే రెండుసార్లకి మించి, వేడి మీదున్నదాన్ని ఒకసారికి మించి లేపొద్దు.

కిక్ స్టార్ట్ అంటే మొదట ఓ క్షణం 80 శాతం వోల్టేజితో తోసి తర్వాత ర్యాంప్‌కి రావడం. గ్రీజు గట్టిపడిన లేదా పట్టేసిన యంత్రాలకి పనికొస్తుంది. కానీ ఆ క్షణంలో 5 రెట్లు లాగుతుంది, మీ ఊళ్లో లైట్లు మళ్లీ పడిపోతాయి.

పాడయ్యే తీరు కూడా తెలిసి ఉండాలి. అవుట్‌పుట్ వైపు కెపాసిటర్ ఉంచితే థైరిస్టర్ ఆన్ అయిన ప్రతిసారీ కెపాసిటర్లోకి కరెంటు విసురుగా దూకి, చివరికి థైరిస్టర్ షార్ట్ అవుతుంది. కెపాసిటర్ ఎప్పుడూ లైను వైపే ఉండాలి, బైపాస్ పడిన సిగ్నల్‌తో సొంత కాంటాక్టర్ మీద కలవాలి. మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) వేసేటప్పుడు సాఫ్ట్ స్టార్టర్ వైర్లు విప్పకపోతే 500 వోల్టుల మెగ్గరే దాని కార్డుని చంపేయగలదు. మామూలు హెచ్ఆర్‌సీ ఫ్యూజు కేబుల్‌ని కాపాడుతుంది కానీ థైరిస్టర్‌ని కాదు. దానికి సెమీకండక్టర్ ఫ్యూజులే కావాలి, సైజు తయారీదారు పట్టికలోదే వాడాలి. స్టార్టులో మోటారు మూలిగి మూడు ఫేజుల కరెంట్లు బాగా తేడాగా ఉంటే, సప్లై తీసి, మోటారు వైర్లు విప్పి, ఒక్కో ఫేజు ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల మధ్య మల్టీమీటరుతో ఓమ్‌లు చూడండి. మంచి ఫేజు వేల ఓమ్‌లు చూపిస్తుంది. సున్నాకి దగ్గరగా ఉంటే ఆ థైరిస్టర్ షార్ట్, లేదా బైపాస్ కాంటాక్టు అతుక్కుపోయింది.

కరెంటు బిల్లు తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మొద్దు. 84 యాంపియర్లతో 10 సెకన్ల స్టార్టు మొత్తం తినేది 0.07 యూనిట్ చుట్టూ ఉంటుంది. మిగిల్చడానికి అక్కడేమీ లేదు.

ఇదే ప్రశ్న బోరు మోటార్ల గురించి కూడా చాలామందికి ఉంటుంది కాబట్టి క్లుప్తంగా. సబ్‌మెర్సిబుల్ మోటారు అడుగున థ్రస్ట్ బేరింగు నీటి పొర మీద తేలుతుంది, ఆ పొర ఏర్పడాలంటే స్పీడు కావాలి. మిల్లు మోటారులా 10 సెకన్లు లాగితే బేరింగు అరుగుతుంది. మొదటి వోల్టేజి 55 శాతం, ర్యాంప్ 3 సెకన్లు మించకూడదు, వీఎఫ్‌డీ అయితే ఒక సెకనులోపే 30 హెర్ట్జ్ దాటాలి. పొడవైన పైపులైను ఉన్న నేల మీది సెంట్రిఫ్యూగల్ పంపుకి మాత్రం సాఫ్ట్ స్టాప్ 10 నుంచి 20 సెకన్లు పెడితే నీటి దెబ్బ తగ్గి పైపు జాయింట్లు, ఎన్‌ఆర్‌వీ (నీరు వెనక్కి రాకుండా ఆపే వాల్వు) బతుకుతాయి. సాఫ్ట్ స్టార్టర్ తన విలువ నిజంగా చూపించేది అక్కడే. ఇక ఆటో స్టార్టర్లు: కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్కసారే లేస్తే ఒక్కొక్కరు ఎంత మంచి స్టార్టరు పెట్టినా లాభం లేదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సప్లై వచ్చాక వాటిని తీసేయమని అధికారులు ప్రచారం చేశారు. తీయలేకపోతే కనీసం ఒక్కో మోటారుకి ఒక్కో రకంగా, అర నిమిషం తేడాతో డిలే టైమర్లు పెట్టుకోవాలి.

వీఎఫ్‌డీ సంగతికొస్తే, అది వోల్టేజితోపాటు ఫ్రీక్వెన్సీని కూడా తగ్గిస్తుంది కాబట్టి పైన చెప్పిన సూత్రం నుంచి తప్పించుకునేది అదొక్కటే. తక్కువ స్పీడులో కూడా మోటారు కరెంటు 1.5 రెట్లతో టార్క్ 1.5 రెట్లు ఇవ్వగలదు, మీకు 147 న్యూటన్ మీటర్లు. లైను నుంచి మాత్రం ఆ క్షణంలో వాడే పవరుకి తగ్గ కరెంటే తీసుకుంటుంది, సున్నా నుంచి మెల్లగా పెరుగుతుంది. ఎలివేటరు నిండా వడ్లతో ఆగిపోయిన మిల్లుని ఊళ్లో ఎవరికీ తెలియకుండా లేపగలదు. పూర్తి స్పీడులోనే నడిపే లైన్ షాఫ్ట్‌కి అది యూనిట్లేమీ మిగల్చదు, పైగా తనలోనే 2, 3 శాతం తింటుంది. హెవీ డ్యూటీ రేటింగు, ఇన్‌పుట్ చోక్, శుభ్రమైన గాలి, మంచి ఎర్తింగు కావాలి. నాసిరకం వైర్‌తో రీవైండ్ చేసిన పాత మోటారు ఇన్సులేషన్ దాని పల్సుల్ని ఎక్కువకాలం తట్టుకోదు. అవుట్‌పుట్‌కీ మోటారుకీ మధ్య కాంటాక్టరు పెట్టి నడుస్తుండగా ఆన్, ఆఫ్ చేయొద్దు.

కాబట్టి మీరు ఈ వరుసలో వెళ్లండి. ముందు డెల్టా వైరింగు క్రమం, కెపాసిటర్ స్థానం సరిచేసి, లోడు దించి, టాంగ్ టెస్టరుతో చూడండి. కరెంటు స్టార్‌లో జారి, డెల్టాలో చిన్న ఎగురుతో సరిపెట్టుకుంటే ఉన్న స్టార్టరే చాలు. లోడు దించితే స్టార్‌లో బాగానే లేస్తోంది కానీ మారేటప్పుడు దెబ్బ మాత్రం పోవడం లేదంటే సాఫ్ట్ స్టార్టర్. లోడు దించే వీలే లేక, నిండుగా ఉన్నదాన్నే లేపక తప్పదంటే సాఫ్ట్ స్టార్టర్ మీద డబ్బు పెట్టకండి. ఆటో ట్రాన్స్‌ఫార్మర్ దొరికితే అది, లేదంటే వీఎఫ్‌డీ. టాంగ్ టెస్టరు అంకెలు, మోటారు నేమ్‌ప్లేట్ ఫొటో, టెర్మినల్ బాక్సు తెరిచిన ఫొటో పెడితే సెట్టింగులు మీ మోటారుకి తగ్గట్టు చెప్పొచ్చు.